వెస్లీ లెన్సుకు సరిపోయే కెమెరా

బీనీ తల్లీ, నేను బాగానే ఉన్నాను, బెంగపడకు. కెమెరా కొన్నాను. నువ్వు చెప్పిన కొత్త రకం కాదు, కోప్పడకు.

నీ తమ్ముడు వెస్లీ కెమెరా పాడైపోయినా దాని లెన్సు బాగుంది కదా, సంచిలో వేసుకుని కెమెరాల కొట్టుకు వెళ్లాను. కొట్టాయన కొత్తదాన్ని తెగ పొగిడాడు. "అమ్మగారూ, వెలుతురు సంగతి అదే చూసుకుంటుంది, మీరు నొక్కితే చాలు."

"అదే వద్దయ్యా. బొమ్మను కాస్త కాస్త జరుపుతూ తీసే ఫోటోల్లో ఒక్కోదానికి ఒక్కో వెలుతురు పడితే బొమ్మల సినిమా రెపరెపలాడుతుందని మా వెస్లీ చెప్పేవాడు."

"అయితే మీకు చెప్పిన మాట వినే ముసలి కెమెరా కావాలి" అని నవ్వి, పాతది ఒకటి తీశాడు. లెన్సు సరిగ్గా పట్టింది. మురికిగా ఉందని ఆయన లెన్సు మీది టేపు పీకబోతే చెయ్యి పట్టుకుని ఆపాను. లెన్సు రింగు తిరగకుండా వెస్లీ అంటించిన టేపు అది. "అమ్మా, ముట్టుకోకు" అని వాడి రాత ఉంది. ఆయన చదివి, టేపును అలాగే ఉంచి కెమెరాను గుడ్డలో చుట్టి ఇచ్చాడు.

వాడు మనల్ని వదిలి వెళ్లిపోయిన మార్చి నుంచి వాడి గదిలో ఎవరినీ అడుగు పెట్టనివ్వలేదు. బల్ల మీద, వాడి సినిమా ఆగిపోయిన చోటే, గుడ్డ బొమ్మ తలుపు తట్టబోతూ చెయ్యి ఎత్తి అలాగే ఉంది. జరపబోయి చెయ్యి వెనక్కి తీసేసుకున్నాను. అది తలుపు తట్టేదాకా నాకు కూర్చున్నా నిలుచున్నా కుదురు లేదు. అలాస్కాలో చేపల పని కాగానే నేరుగా పోర్ట్‌లాండ్ రా. నువ్వు జరుపు, నేను నొక్కుతాను. సెకనుకు పన్నెండు ఫోటోలా, ఇరవై నాలుగా? హీటరు బాగుచేసే అతని నంబరు ఎక్కడ పెట్టావు? రెండూ రాయి.

దేవుడు నిన్ను చల్లగా చూడాలి. వేళకు కడుపునిండా తిను.

అమ్మ