ఓబులేసు మోకాలు

1963 ఫిబ్రవరి 3
గెలిచాం. రెండు గోల్సూ ఓబులేసువే. జనం వాణ్ణి భుజాలకెత్తుకుని రైలు స్టేషన్ దాకా ఊరేగించారు. జట్టు మేనేజర్ని నేను. బంతుల సంచి మోసుకుంటూ వెనకే నడిచాను. ఒక్కడు తిరిగి చూస్తే ఒట్టు. ఒళ్లు మండిపోయింది.

ఫిబ్రవరి 5
వాణ్ణి విడపనకల్లు చెడుగుడు బరిలోంచి తెచ్చింది ఎవరు? నేను. అదే బరిలో ఆడి ఫుట్‌బాల్‌కు మారినవాణ్ణి కాబట్టి వాడి కాళ్ల విలువ తెలిసింది. మొదటి మ్యాచ్‌లో బంతి వదిలేసి ఎదుటివాడి కాలు పట్టుకున్నాడు! నా మొదటి మ్యాచ్‌లో నేనూ అంతే. నెల రోజులు చేతులు వెనక్కి తువ్వాలుతో కట్టి ఆడించాను. ఇప్పుడు వాడు పరిగెత్తుతుంటే చూడలేకపోతున్నాను.

ఫిబ్రవరి 7
టీ కొట్టు దగ్గర ఎవరో — "ఏమప్పా, నువ్వూ ఒకప్పుడు ఆడేటోనివంట గదా?"
ఒకప్పుడట. నా మోకాలు పోయి రెండేళ్లు కాలేదు.

ఫిబ్రవరి 9
మద్రాసు క్లబ్బాయన రేపు మ్యాచ్ చూడ్డానికి వస్తున్నాడు. నచ్చినవాడికి జట్టులో చోటు, ఉద్యోగం. ఓబులేసు చేను మూడేళ్లుగా ఎండిపోయి ఉంది. తెలుసు.
నేను ఆడిన ఏడేళ్లలో ఒక్కరూ రాలేదు.

ఫిబ్రవరి 10
ఓబులేసును ఆడించలేదు.
"మోకాలు వాచినట్టుండాది. కూర్చోరా."
"నాకేం నొప్పి లేదన్నా..."
"నాకు తెలుసులే."
కూర్చున్నాడు. మద్రాసాయన అడిగితే ఆయనకూ మోకాలే చెప్పాను. ఓడిపోయాం.

ఫిబ్రవరి 12
పొద్దున్నే ఓబులేసు. పోట్లాటకే అనుకున్నాను. చేతిలో ఆముదం సీసా.
"నా మోకాలు వాచిందని ఎవరో చెప్పినారంట. మాయమ్మ పంపిచ్చింది. నాకెందుకన్నా... నీకే నొప్పి గదా."
కింద కూర్చుని నా మోకాలికి వాడే రుద్దాడు. వద్దనలేకపోయాను. ఆ మంచితనం మీద కూడా కుళ్లే నాకు. ఛీ.

ఫిబ్రవరి 18
మద్రాసు నుంచి ఉత్తరం. "మోకాలు నయమయ్యేదేనా? మీ మాట మీదే నిర్ణయం."

ఫిబ్రవరి 19
జవాబు మొదలుపెట్టాను. "ఓబులేసు మోకాలు" — అక్కడ ఆగాను. బయట వాడి కేక. "అన్నా, ప్రాక్టీసుకు పోతాండాం. రావా?" కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్లాను.

ఫిబ్రవరి 22
ఆ ఆముదం మహిమేమో, నాలుగు రోజులుగా నా మోకాలికి నొప్పి లేదు. కాగితం మీద ఇంకా ఆ రెండు మాటలే.