ఊరి బయట ఆగిన జీపు

అన్నయ్యా,

ఇవాళ నీ జీపులో ఒడిశాలోని కొట్పాడ్‌లో నేతపని చూపించడానికి జనాన్ని తీసుకెళ్లాను. నువ్వు పోయాక ఇదే మొదటిసారి.

మధ్యలో ఎవరో జీపు నేతవాళ్ల వాకిట్లోకే తోలి, రంగువేసి ఆరేసిన నూలంతా దుమ్ముపాలు చేశారట. ఇక జీపులే రావద్దన్నారని విని, భయపడుతూనే బయలుదేరాను. నువ్వు ఆపే చోటే, ఊరికి ఇవతలే ఆపేశాను.

"ఇక్కడాపేసేవేటి? ఎండలో నడవాలేటి?" అని విజయనగరం నుంచి వచ్చిన మాస్టారు విసుక్కున్నారు.

"నూలు ఆరతంది మాస్టారూ, దిగండి" అన్నాను, అచ్చం నీలాగే.

మగ్గం దగ్గరున్న ముసలమ్మ ముందు మా కాళ్లు చూసింది. నడిచొచ్చిన అందరికీ మోకాళ్లదాకా ఎర్రదుమ్మే. నువ్వెప్పుడూ కూర్చునే పీట నావైపు జరిపింది.

కూర్చున్నాను, అన్నయ్యా.