జ్వరం దాచిన మూడు రోజులు

అక్కకి,

జయ నమస్కారాలు. పలాసలో అందరికీ ఒంట్లో బాగుందా? బావ మాస్కు లేకుండా తిరగడం లేదు కదా? నాకు జ్వరం తగ్గి నెల దాటింది. అన్నం సయిస్తోంది, రుచీ తెలుస్తోంది. బాగానే ఉన్నాను, బెంగ పెట్టుకోకు.

బిలాస్‌పూర్‌లో వానలు మొదలయ్యాయి. ఆఫీసు వాళ్లు లాప్‌టాప్ ఇచ్చి గదిలోంచే పని చేయమన్నారు. రోజంతా నాతో మాట్లాడే మనిషి ఉండదు. ఫోన్లో నీకు చెప్పలేకపోయిన సంగతి రాస్తున్నాను. అమ్మకి చదివి వినిపించకు.

లాప్‌టాప్‌లు మొదట పెద్ద ఉద్యోగులకే ఇచ్చారు. కాంట్రాక్టు వాళ్లం రాకపోతే వేరేవాళ్లను పెట్టుకుంటామన్నారు. సరిగ్గా అప్పుడే నాకు జ్వరం వచ్చింది. గేటు దగ్గర నుదుటికి మిషను పెట్టి జ్వరం చూస్తారు కదా, ముందే మాత్ర వేసుకుని మూడు రోజులు వెళ్లాను.

నా పక్క కుర్చీ పార్వతి పిన్నిది. వాళ్ల తాత శ్రీకాకుళం నుంచి రైల్వే పనికి వచ్చాడట, ఈవిడ ఇక్కడే పుట్టింది. మన మాట వినిపిస్తుందని ఆవిడ పక్కనే కూర్చుని తినేదాన్ని. రెండో రోజు నన్ను చూసి, "ఏటే, అలా ఒణుకుతున్నావు? జొరమేటి?" అంది.

"లేదు పిన్నీ, నిద్ర చాల్లేదు" అన్నాను.

ఆవిడ నా ముందున్న కాగితాల్లో సగం తన వైపు లాక్కుంది.

వారానికి ఆవిడ మంచం పట్టింది. ఆసుపత్రికి తీసుకెళ్లారు, తిరిగి రాలేదు.

ఇప్పుడు గదిలో పని చేస్తుంటే పక్కన ఎవరో కుర్చీ జరిపినట్టు ఉంటుంది. "పిన్నీ" అని తిరిగి చూస్తాను. గోడ.

మొన్న ఆదివారం ఆటో ఎక్కి సర్కండాలో వాళ్లింటికి వెళ్లాను. వాళ్లమ్మాయి పూజ తలుపు తీసింది. గుమ్మంలోనే చెప్పేశాను. "జ్వరంతోనే ఆఫీసుకి వచ్చాను. మీ అమ్మ అడిగితే లేదని అబద్ధం చెప్పాను."

పూజ తలుపు పట్టుకునే నిలబడింది. "మమ్మీకి మాలూమ్ దీదీ" అంది. "ఆ రోజే ఇంటికొచ్చి చెప్పింది. 'ఆ పిల్లకి జొరం. ఎవలికీ చెప్పకు, దాని ఉద్యోగం పోతాది' అంది. రేపట్నుంచి నువ్వు వెళ్లొద్దన్నాను. 'నానెల్లకపోతే అది ఒక్కర్తీ పడిపోతాది' అని వెళ్లింది."

నన్ను తిట్టలేదక్కా. లోపలికి రమ్మనీ అనలేదు. మెల్లగా తలుపు వేసుకుంది.

వేళకి తింటున్నాను, నమ్ము. అమ్మానాన్నల కాళ్లకి నా బదులు నువ్వే దణ్ణం పెట్టు. పిల్లలకి ముద్దులు. దీనికి జవాబు తప్పకుండా రాయి. నా తప్పేమీ లేదని మాత్రం రాయకు. ఆ మాట పూజ అనలేదు.

నీ చెల్లెలు,
జయ