ఆఖరి రీలులో దండం

మద్రాసు
మే 1948

ప్రియమైన సాయమ్మకు,

నువ్వు కోదాడలో మీ చిన్నమ్మ ఇంటికి క్షేమంగా చేరావని తెలిశాకే నాకు అన్నం సహించింది. సంఘంలో చేరి వెట్టి మానేసినందుకు రజాకార్లు మన ఇల్లు కాల్చారు గానీ, నా చేతిలో పని కాల్చలేకపోయారు. ఇక్కడ సినిమా స్టూడియోలో వడ్రంగిగా కుదిరాను. పలకరించే మనిషి లేడు, అదొక్కటే బాధ.

మన దొర ఉండే గడి లాంటిదే చెక్కతో, గోనెపట్టలతో కట్టాం. జనం తిరగబడి వెట్టిని ఖతం చేసే కథ. దొర ముందు జనం ఎట్లా నిలబడతారని డైరెక్టరుగారు అడిగితే, చెప్పులు చంకలో పెట్టుకొని, తలగుడ్డ నడుముకు చుట్టి, వంగి చూపించాను. వేషగాళ్లకు ఆ వంగడం రాలేదు. చివరికి నన్నే వంగమన్నారు.

"ఇది మొదటి రీలు, సత్తయ్యా. ఆఖరి రీలులో నువ్వే గడి ముందు నిటారుగా నిలబడతావు" అన్నారు. ఇంకెప్పుడూ ఎవరికీ వంగనని నీకు చెప్పి వచ్చినవాణ్ణి. మొదటి రీలే కదా అని ఒప్పుకున్నాను.

నీ
సత్తయ్య

కోదాడ
జూలై 1948

ప్రియమైన బావకు,

సంఘం బడిలో నేర్చుకున్న నాలుగక్షరాలతో రాస్తున్నాను, తప్పులుంటే నవ్వుకో. ఇక్కడ పక్కింటి లాజరు సరిహద్దు దాటి జగ్గయ్యపేటలో పోస్టు చేస్తానన్నాడు.

దొర హైదరాబాదుకు పారిపోయాడట. నీ సంగతి చెప్తే చిన్నమ్మ, "తప్పించుకొని పోయినోడు గాడ గూడ కాళ్లు మొక్కుడేంది?" అన్నది. నాకూ కష్టంగానే ఉంది. ఆఖరి రీలు కోసం చూస్తున్నాను.

ఈ ఇంటినిండా మనుషులే. అయినా నేను ఒంటరిదాన్నే, బావా. బయట బండి ఆగినప్పుడల్లా గడపలోకి వస్తాను. సినిమా అయిపోగానే వచ్చేయి.

నీ రాక కోసం చూసే
సాయమ్మ

మద్రాసు
ఫిబ్రవరి 1949

ప్రియమైన సాయమ్మకు,

నీ రెండు ఉత్తరాలు అందాయి. సైన్యం వచ్చిందనీ, రజాకార్ల పీడ పోయిందనీ, నువ్వు మన ఊరు చేరావనీ చదివి సంతోషించాను. జవాబు రాయడానికి మాత్రం చేయి రాలేదు.

ఇక్కడ కథ తిరగబడింది. జనం గడి మీదికి పోయే రీళ్లు సెన్సారు దాటవని నిర్మాతకు భయం. "ఇప్పుడు ప్రభుత్వం మనదే కదయ్యా, ఇంకా తిరుగుబాటెవరి మీద?" అన్నాడు. కొత్త కథలో దొర మనసు మారి, ఖద్దరు టోపీ పెట్టుకొని తిరిగొచ్చి జనానికి బియ్యం పంచుతాడు. నేను నిలబడే ముక్క తీసేశారు. మొదట్లో వంగిన ముక్కను కోసి ఆఖర్లో అతికించారు. ఇప్పుడు నేను సంతోషం పట్టలేక మొక్కుతున్నట్టుంది.

ఆ సినిమా అటు వస్తే చూడకు. నేను ఇక ఊరికి రాను. ఏ మొహం పెట్టుకొని రావాలి?

అభాగ్యుడు
సత్తయ్య

మన ఊరు
మార్చి 1949

ప్రియమైన బావకు,

నీ ఉత్తరం అందేసరికే చూసేశాను. దొరే బండ్లు కట్టించి ఊరినంతా మిర్యాలగూడ డేరా సినిమాకు పంపాడు. అవును, దొర తిరిగొచ్చాడు. నీకు రాయలేదు. మీ సినిమాలోలాగే ఖద్దరు టోపీ పెట్టాడు, బియ్యం మాత్రం తేలేదు. వెంట పోలీసు క్యాంపు వచ్చింది.

తెర మీద నువ్వు వంగగానే దొర మనిషి, "సూసిండ్రా, మన సత్తయ్య గూడ దారికొచ్చిండు" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. పక్కనున్న సాలమ్మ నా చేయి పట్టుకుంది. నేను మాత్రం నిన్నే చూశాను. చాలా చిక్కిపోయావు.

ఇంకొకటి కూడా దాచాను. సంఘపోళ్ల పట్టీలో నీ పేరుందని, ఊళ్లో కాలు పెడితే పట్టుకపోతారని క్యాంపులో చెప్పారు. జనవరిలో నేనే గడికి పోయి దొర కాళ్లు మొక్కాను. చాలాసేపు లేవనియ్యలేదు. తర్వాత నీ పేరు కొట్టేయించాడు.

సిగ్గుపడకు అని నీకు చెప్పలేను, నాకూ సిగ్గుగానే ఉంది. నీ దండాన్ని ఎవరో కోసి ఎక్కడో అతికించారు. నాది నేనే పెట్టాను, నువ్వు వస్తావని. నువ్వు రాకపోతే అది ఉత్తగా పోతుంది.

నీ
సాయమ్మ