ఉప్పు లేని రొట్టె

హుస్సేనీ ఆలం,
ఆగస్టు, మంగళవారం

ప్రేమగల రూపక్కకు,

నీ చెల్లె అమల వందనాలు. జనగామలో మీరంతా బాగున్నారని మొన్న రామ్‌చందర్ బావ చెప్పాడు. చేతిలో ఫోనుండగా ఈ ఉత్తరమేమిటని నవ్వుకోకు. ఈ సంగతి ఫోన్లో మొదలుపెడితే మధ్యలో నాకు ఏడుపొస్తుంది, నువ్వేమో టవర్ పోయిందనుకుని పెట్టేస్తావు. అందుకే కాగితం ముందేసుకుని కూర్చున్నాను. విరిగింది ఎడమ చెయ్యి కాబట్టి రాయడానికి ఇబ్బందేమీ లేదు.

చెయ్యి ఎలా విరిగిందో నీకు పూర్తిగా చెప్పలేదు. ప్రతి శనివారం మన మందిరం కడిగేది నేనే కదా. ఆ రోజు మెట్ల మీద సబ్బునీళ్ళు పోసి, నేను పోసిన నీళ్ళ మీద నేనే జారాను. ఆరు వారాలు కట్టు ఉంచాలన్నారు. ఆయన పత్తర్‌గట్టి దుకాణానికి వెళ్ళేముందు అన్నం వండిపెడుతున్నాడు. మా వాడు విశాల్ గిన్నెలు తోముతున్నాడు, రోజుకొకటి సొట్ట పోతోంది. అది వేరే కథ.

అసలు కథ మందిరంలో జరిగింది. నెలలో మొదటి ఆదివారం అందరూ రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకునే ప్రభువు బల్ల ఉంటుంది, దానికి రొట్టె చేసేది పదకొండేళ్ళుగా నేనే అని నీకు తెలుసు. నాగమణమ్మ పెద్దమ్మకు చూపు తగ్గాక ఆ పని నేను తీసుకున్నాను. గోధుమలు ఏరి, గిర్నీలో పట్టించి, శనివారం సాయంత్రం పులియని పిండితో రొట్టెలు కాల్చి, గోరంత ముక్కలుగా తుంచి పళ్ళెంలో సర్దుతాను. ఈసారి నాకు కుదరలేదు కాబట్టి పాస్టరుగారి కోడలు స్రవ్య చేసింది. దిబ్బరొట్టెలా మందంగా చేసి, ఒకవైపు మాడ్చింది కూడా. ఎవరూ ఏమీ అనలేదు. నిజం చెప్పాలంటే అది నాకు కొంచెం కష్టంగానే ఉండింది.

మామూలుగా ఆ సమయానికి నేను వెనక గదిలో గిన్నెల్లో ద్రాక్షరసం పోస్తూ ఉంటాను. ఆ రోజు చేసేందుకు పనేమీ లేక ఆడవాళ్ళ చాప మీద నాగమణమ్మ పెద్దమ్మ పక్కన కూర్చున్నాను. పళ్ళెం నా దగ్గరికి వచ్చింది. ఏమీ తీసుకోకుండా ఆమె వైపు జరిపాను. ఆమె అందుకోలేదు. పళ్ళేన్ని నా ఒళ్ళోనే పట్టుకుని, చెవి దగ్గర మెల్లగా అన్నది: "రొట్టె చేసుడే గని నువ్వు తినంగ నేనైతే ఎన్నడు చూడలే బిడ్డా."

చూపు ఆనని మనిషి పదకొండేళ్ళుగా అదొక్కటీ చూస్తూనే ఉందక్కా. అంతకుముందు విశాల్ చంటిపిల్లాడుగా ఉన్నప్పుడు, వాడు ఏడుస్తున్నాడని ఎత్తుకుని బయటికి పోయేదాన్ని. పాపం, వాడు ఏడవకపోయినా. నేను ఆ బల్ల మీది రొట్టె తిని ఇరవై నాలుగేళ్ళయింది.

ఆరాధన అయ్యాక పెద్దమ్మ నా మంచి చెయ్యి పట్టుకుని ఇంటిదాకా వచ్చింది. నేనింకా దానికి తగినదాన్ని కాలేదని చెప్పాను. తప్పు ఒకటి చేశానని, అందుకే ఉపవాసాలుంటున్నానని, మందిరం కడుగుతున్నానని, రొట్టెలు చేస్తున్నానని, ఏదో ఒకనాటికి తగినదాన్ని అవుతానని అన్నాను. ఆమె మంచినీళ్ళు తాగి గ్లాసు కింద పెట్టి, "ఎన్నడైతవ్? ఎంత పని చేస్తె అయితవ్?" అని అడిగింది. మళ్ళీ తనే, "చెయ్యి ఇరిగి ఊకె కూసున్ననాడు గూడ పళ్ళెం నీ ముంగటికి వచ్చింది గద. నువ్వు పని చేసినవని వచ్చిందా?" అన్నది. పోతూ పోతూ, ముందుగాల మీ అక్కకు చెప్పుకో అన్నది. ఎవరి విషయంలో తప్పు చేశానో నేను చెప్పనే లేదు.

చెప్తున్నాను. అమ్మకు పక్షవాతం వచ్చిన ఏడు నువ్వు నర్సు ట్రైనింగుకు పెట్టుకున్నావు. ఆ ఏడు దాటితే నీకు వయసు దాటిపోతుంది. ఇంటర్వ్యూకు రమ్మని ఉత్తరం వచ్చినప్పుడు నువ్వు అమ్మ మందులకు వెళ్ళావు. తీసుకున్నది నేను. నువ్వు వెళ్తే అమ్మను చూసుకోవడానికి నేను కాలేజీ మానాలి. పంతొమ్మిదేళ్ళదాన్ని, నాకు అదొక్కటే కనిపించింది. కవరును బియ్యం డబ్బా కింద పెట్టాను. తారీఖు దాటిపోయాక తీసి, పోస్టు ఆలస్యంగా వచ్చిందక్కా అని నీ చేతికిచ్చాను. నువ్వు చదివి, మడిచి, అమ్మకు జావ పట్టడానికి వెళ్ళావు. నేను చదువుకుని టీచర్నయ్యాను. నువ్వు ఆరేళ్ళు అమ్మకు చేసి, ఇప్పుడు జనగామలో జాకెట్లు కుడుతున్నావు.

ఏటా క్రిస్మస్‌కు నీకు చీర పంపేటప్పుడల్లా, ఈసారి కొంచెం బరువు దిగుతుందనుకునేదాన్ని. దిగలేదు. నాకున్నది నువ్వొక్కదానివే. నన్ను ఏమన్నా అను, పడతాను. అసలు మాట్లాడకుండా మాత్రం ఉండకు.

నీ చెల్లె,
అమల

*

జనగామ,
శనివారం

అమలా,

నీ ఉత్తరం బావ చేతిలో పడకుండా నా చేతికే వచ్చింది, బియ్యం డబ్బా కిందికి పోలేదు. ఏడుస్తున్నావా? ఏడుపు ఆపి చదువు.

నాకు తెలుసు. ఆ రోజే తెలుసు. కవరు మీద మన పోస్టాఫీసు ముద్రలో నాలుగో తారీఖు ఉంది. నువ్వు నా చేతికిచ్చింది పదహారున. ఇంటర్వ్యూ పదిహేనున. డిగ్రీ చదువుతున్నావన్న మాటే గాని, ముద్ర మీద తారీఖు ఉంటుందని నీకు తట్టలేదు. పైగా కవరుకు తవుడు అంటుకుని ఉంది.

కోపం రాలేదని అబద్ధం చెప్పను. నెలరోజులు నీ ముఖం చూడబుద్ధి కాలేదు. నువ్వు కలిపిన చాయ్ తాగలేదు, మోరీలో పారబోశాను. అమ్మ చనిపోతే ఈ పిల్లను వదిలేసి పోతానని మనసులో ఒట్టు కూడా పెట్టుకున్నాను. అప్పుడొక మధ్యాహ్నం లోపలికి వచ్చేసరికి నువ్వు పుస్తకం మీద తల పెట్టి నిద్రపోతున్నావు. నోరు తెరిచి ఉంది. చెంపకు సిరా అంటుకుంది. నిన్ను చూస్తూ ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. ఇది నా చెల్లె కదా అనిపించింది. ఆ మధ్యాహ్నంతోనే నా కోపం పోయింది. ఆ రోజు నువ్వు చేసిన మంచిపని ఏమైనా ఉందా అంటే ఏమీ లేదు, నిద్రపోవడం తప్ప.

ఎప్పుడో ఒకప్పుడు నువ్వే చెప్తావని చూశాను. తర్వాత పెళ్ళి, పిల్లలు, కుట్టు మిషను, గిరాకీ, ఈ గొడవలో పడి నిజంగానే మర్చిపోయాను. నువ్వు దాన్ని ఇన్నేళ్ళు మోస్తున్నావని తెలిస్తే బస్సెక్కి వచ్చి రెండు తగిలించి చెప్పేదాన్ని. చెప్పకపోవడం నా తప్పే. ట్రైనింగు పోయినందుకు బాధ ఉండింది, లేదనను. కాని ఇప్పుడు నా దుకాణం ముందు ఆడవాళ్ళు వరుస కడుతుంటే, బావ చాయ్ తెచ్చిస్తుంటే, నేను బాగానే ఉన్నాను అమలా.

అయితే నీ ఉత్తరం చదివాక కొత్తగా ఒక కోపం వచ్చింది. ఆ చీరలన్నీ ఏమిటి మరి, జరిమానానా? అంత పెద్ద పెద్ద పువ్వుల చీరలు నాకు అస్సలు నచ్చవు. మా చెల్లె ప్రేమతో పంపిందని ఒక్కటి కూడా వదలకుండా కట్టుకున్నాను, నడిచే పూలకుండీలా జనగామంతా తిరిగాను. అందులో నా మీద ప్రేమతో పంపినవి ఏవో, భయంతో పంపినవి ఏవో చెప్పు. భయంతో పంపినవి తిప్పి పంపిస్తాను. ఇకనుంచి ఊరికే పంపితేనే తీసుకుంటాను.

నేనే, తప్పులున్న మనిషిని, నువ్వు నిద్రపోతుండగా క్షమించాను. ఆ ప్రభువు నీ రొట్టెలు లెక్కపెట్టుకుంటూ కూర్చుంటాడని ఎట్లా అనుకున్నావు? వచ్చే మొదటి ఆదివారం చాప మీద కూర్చుని తిను. వెనక గదిలోకి పోయావంటే పెద్దమ్మ నాకు ఫోన్ చేస్తుంది, ఆమె నంబరు నా దగ్గర ఉంది.

మీ అక్క,
రూప

*

హుస్సేనీ ఆలం,
ఆదివారం మధ్యాహ్నం

అక్కా, మా రూపక్కా,

ఇప్పుడే మందిరం నుంచి వచ్చాను. ఇంకా చీర కూడా మార్చుకోలేదు.

కట్టు తీశారు. నిన్న సాయంత్రం స్రవ్యను ఇంటికి పిలిచాను. ఎప్పటిలాగే నేను కలిపిన పిండిని తను ఒత్తింది, నేను కాల్చాను. చాలా రోజుల తర్వాత ఆ పని చేస్తుంటే హాయిగా అనిపించింది. దేనికీ బదులు చెల్లించే పని కాదు కాబట్టేమో, ఒక రొట్టె మాడినా ఇద్దరం నవ్వుకున్నాం.

పొద్దున చాప మీద కూర్చున్నాను. పళ్ళెం వస్తుంటే కాళ్ళు లేచి పారిపోదామన్నాయి. పెద్దమ్మ నా కొంగు పట్టుకునే ఉంది. నీ మాట గుర్తొచ్చింది, నోరు తెరిచి నిద్రపోతున్న ఆ పిల్ల గుర్తొచ్చింది. ఒక ముక్క తీసుకుని నోట్లో వేసుకున్నాను.

చప్పగా ఉందక్కా. అట్ట ముక్కలా ఉంది. పదకొండేళ్ళుగా చేస్తున్నానే గాని, ఆ రొట్టె ఎలా ఉంటుందో ఒక్కసారి కూడా నోట్లో వేసుకుని చూడలేదు. పెద్దమ్మ పిండి కలపడం దూరం నుంచి చూసి నేర్చుకున్నాను, అందులో ఏమేం వేస్తుందో అడగలేదు. ఆరాధన అయ్యాక ఆమెను పక్కకు పిలిచి, నువ్వు చేసినప్పుడు ఉప్పు వేసేదానివా అని అడిగాను. చిటికెడు వేసేదట.

"మరి ఇన్నేండ్లు ఎవ్వరు చెప్పకపోతిరేంది?" అన్నాను. ఆమె నా చెంప తడుముతూ, నువ్వు చేసినవని తిన్నం బిడ్డా అన్నది.

ఏడుపొస్తుందనుకున్నాను గాని నవ్వొచ్చింది. నువ్వు కట్టుకున్న ఆ పువ్వుల చీరలన్నీ కళ్ళముందు కదిలాయి. ఇంటికొచ్చి, జనగామకు ఒక చీర పంపాలి, పువ్వులు లేకుండా సాదాది తెమ్మని ఆయనకు చెప్పాను. పండుగ లేదు ఏం లేదు, ఇప్పుడెందుకని అడిగాడు.

"ఊరికే" అన్నాను.

నీ చెల్లె,
అమల