ఓడ దిగని అమ్మాయి

మంగళవారం రాత్రి, ప్లేనో

సాయంత్రం స్కూల్ నుంచి వస్తుంటే కార్‌లో స్నిగ్ధ తను చదువుతున్న నవల గురించి చెప్పింది. అందులో ఒక అమ్మాయి అమ్మానాన్నలతో ఓడలోనే పెరుగుతుంది. ఏ రేవులోనూ వాళ్ళను దిగనివ్వరు.

"ఇది నా స్టోరీ అమ్మా," అంది. "నాకు ట్వెంటీవన్ వస్తే మీ వీసా మీద నేనిక్కడ ఉండకూడదు కదా?"

దానికి పన్నెండేళ్ళు. నేనూ వాళ్ళ నాన్నా వంటగదిలో ఎంత మెల్లగా మాట్లాడుకున్నా అన్నీ వింటోందన్నమాట.

"అప్పటికి గ్రీన్‌కార్డ్ వస్తుందిలే," అన్నాను. నాకే నమ్మకం లేదు. తిరిగి వెళ్ళిపోదామంటే దానికి ఈ ఊరు తప్ప ఇంకో ఊరు తెలియదు.

పడుకోబోతూ పుస్తకం నా చేతిలో పెట్టింది.

"లాస్ట్ చాప్టర్ నువ్వు ఫస్ట్ చదువు. ఆ గర్ల్ దిగకపోతే నాకు చెప్పకు."

ఇప్పుడే చదివాను. దిగలేదు.

పొద్దున నేనేమీ చెప్పకపోతే చాలు, దానికి తెలిసిపోతుంది.