రెండుసార్లు వద్దన్నాక

ఇపో, మలేషియా,
ఆదివారం.

చి. కుమారి చందనకు నాయనమ్మ దీవెనలు. చి.ల.సౌ. అని మొదలుపెడదామని కలం కదిపాను గాని, అంతకుముందు చెప్పాల్సినవి చాలా ఉన్నాయి కనక ఆగాను.

ఇక్కడ మేమంతా బాగున్నాం. నా మోకాళ్లు బాగోలేవు గాని అవి నాతో వేరు కాపురం పెట్టి చాలా కాలమైంది, వాటిని లెక్కలోకి తీసుకోనక్కర్లేదు. గ్వాంగ్‌జౌలో నువ్వు వేళకి తింటూ, స్కూల్లో పిల్లలకి ఇంగ్లీషు చెబుతూ కులాసాగా ఉన్నావని తలుస్తాను. ఫోన్‌లో చెప్పకుండా ఈ ఉత్తరమేమిటంటావా? ఈ ఇంట్లో నా ఫోన్ మోగితే మీ అమ్మ టీవీ గొంతు తగ్గిస్తుంది. అదీ కారణం.

నీ ఉత్తరం అందింది. తెలుగు బాగానే రాశావు. నేను నేర్పిన పిల్లవి, రాయకపోతే నాకే తలవంపులు. పెరట్లో రంబుటాన్ చెట్టు ఈసారి విరగ్గాసింది. సగం ఉడతలకి, సగం పక్కింటి మిసెస్ చోంగ్‌కి. పాత బజారులో మీ తాత కాఫీ తాగే కొట్టు ఉందా అని అడిగావు. ఉంది. చైనా నుంచి వచ్చేవాళ్లకి వీసా అక్కర్లేదన్నప్పటి నుంచి మరీ ఉంది. ఆయన ఆదివారం పూట పేపరు పరుచుకుని, సాసర్లో కాఫీ పోసుకుని, లోకమంతా తప్పు దారిన పోతోందని తేల్చి చెప్పిన ఆ మూల బల్ల దగ్గర ఇప్పుడు టోపీలు పెట్టుకున్న ఆడవాళ్లు వరసకట్టి ఫొటోలు తీసుకుంటున్నారు. మొన్న నేను వెళితే, పక్కకి జరగమన్నారు, ఫొటోలో పడుతున్నానట. జరిగాను. ఆ బల్ల మీద వాళ్లకన్నా నాకు మాత్రం హక్కేముంది?

ఇక నీ అసలు ప్రశ్న. నువ్వు చేసుకుంటానన్న వెన్‌బో వాళ్ల అమ్మానాన్నా ఎలా ఉన్నారు, మీ పెళ్లికి అమ్మ ఒప్పుకుందా అని ప్రతి పేజీలోనూ ఒక్కో వేషం వేసి అడిగావు. మీ నాన్న సంగతి నీకు తెలిసిందే. "యోగేశ్వరి ఏటంటే అదే నా మాటమ్మా" అని కారు కడుక్కోడానికి వెళ్లిపోయాడు కృష్ణకుమార్. కాబట్టి జరగడమైనా మానడమైనా మీ అమ్మ చేతిలోనే ఉంది. ఆవిడేమో "ముందు ఆ మనుషుల్ని సూస్తాను" అంది.

సరే, వాళ్లు వచ్చారు. మలేషియా చూడ్డానికి గుంపుగా వచ్చినవాళ్లు కదా, గుంపంతా కొనుగోళ్లకి పోయిన పూట మన ఇంటి ముందు వ్యాను దిగారు. షెన్ గారు, ఆయన భార్య షూఫెన్. మాట కలపడానికి చైనా భాష వచ్చిన మిసెస్ చోంగ్‌ని కూర్చోబెట్టాను. పుట్టినప్పటి నుంచి చైనావాళ్ల మధ్య బతికినదాన్ని, నాకు తెలియని చైనా అలవాటేముంటుందని నా ధీమా. మిసెస్ చోంగ్ ఆ గాలి తీసేసింది. "వీళ్లు వేరే, చీగు. నాకూ కొత్తే లా," అంది. మాట చివర 'లా' అని తోక తగిలించడం ఆవిడ అలవాటని నీకు తెలుసుగా. బడి మానేసి ఇన్నేళ్లయినా ఈ వీధికి నేను చీగునే, అంటే టీచరమ్మనే.

షూఫెన్ ఒక పొట్లం రెండు చేతులతో చాపింది. మీ అమ్మ ఠక్కున పుచ్చుకుని, అక్కడే విప్పి, లోపలున్న ఎర్ర పట్టు శాలువా భుజాన వేసుకుని చూపించింది. షూఫెన్ చేతులు ఇంకా గాల్లోనే ఉన్నాయి. నాకు కాస్త వింతగా తోచింది గాని పట్టించుకోలేదు.

మీ అమ్మ ఐసు వేసి గులాబీ సిరప్ ఇచ్చింది. వాళ్లు దాన్ని మర్యాదగా పక్కకి జరిపి వేడినీళ్లు అడిగారు. ఇపో ఎండలో వేడినీళ్లు అడిగినవాళ్లని నేను పురిటి గదిలో తప్ప చూడలేదు. భోజనాల దగ్గర, చేత్తో తినాలని కొడుకు చెప్పి పంపినట్టున్నాడు, షెన్ గారు జేబులోంచి పల్చటి ప్లాస్టిక్ చేతొడుగులు తీసి తొడుక్కున్నారు. ఆపరేషనుకి దిగిన డాక్టరులా కోడికూర మీదికి వంగారు. వాళ్ల ఊళ్లో చేత్తో తినేవన్నీ అలాగే తింటారట. నవ్వు ఆపుకోడానికి నేను పప్పు వడ్డించే పని కల్పించుకున్నాను. షూఫెన్ మాత్రం పళ్లెంలో కొంచెం అన్నం, ఒక ముక్కా వదిలేసింది. మీ అమ్మ మొహం చిన్నబోయింది. మన ఇంట్లో వదిలితే వంట బాగోలేదని అర్థం. వాళ్ల పెద్దవాళ్ల లెక్కలో, పూర్తిగా ఊడ్చేస్తే వడ్డించినవాళ్లు చాలినంత పెట్టలేదని అర్థమట. ఇది తర్వాత తెలిసింది. ఆ తర్వాతలు అప్పుడే తెలిసుంటే ఈ ఉత్తరం సగమయ్యేది.

ఒకటి మాత్రం చెప్పాలి. చేతులు కడుక్కుని వస్తూ ఇద్దరూ మీ తాత పటం ముందు ఆగి, నిటారుగా నిలబడి, నడుము వంచి ముమ్మారు దణ్ణం పెట్టారు. మన చుట్టాలు ఆ పటం కింద కూర్చుని ఫోన్లకి చార్జింగ్ పెట్టుకుంటారు.

వాళ్లు బయల్దేరే వేళకి మీ అమ్మ పళ్లెంలో తమలపాకులు, అరటిపళ్లు, రవికల గుడ్డ, కుంకుమ బరిణె పెట్టి తెచ్చింది. అది చూడగానే నాకు మా అత్త దేవుడమ్మ గుర్తొచ్చింది. నేను కొత్త కోడలిగా సుంగై సిపుట్ రబ్బరు తోటకి వెళ్లిన రోజుల్లో, శుక్రవారం పూట గడపదాటే ఆడదెవరికైనా ఆవిడ బొట్టు పెట్టకుండా వదిలేది కాదు. సైకిలు మీద కూరలమ్మే చైనా ఆవిడకి కూడా. రబ్బరు పాల వాసన, పొయ్యిలో పచ్చికట్టెల పొగ, ఆ మధ్యన ఆ కూరలావిడ తాటాకు టోపీ వెనక్కి నెట్టి, నుదురు వంచి నిలబడేది. ఇంటికెళ్లి మొగుడికేం చెప్పుకునేదో గాని, ఒక్కసారీ వద్దనలేదు.

షూఫెన్ వద్దంది. ఒకడుగు వెనక్కి వేసి, రెండు చేతులూ అడ్డంగా ఊపుతూ, "బుయోంగ్, బుయోంగ్" అంది. అక్కర్లేదు, అక్కర్లేదు అని. మీ అమ్మ కుంకుమ వేలు అలాగే ఆగిపోయింది. పళ్లెం బల్ల మీద పెట్టి వంటింట్లోకి నడిచింది. వెనకే వెళ్లాను.

"సూసినారా అత్తా? బొట్టు వద్దన్నాది. నా పిల్లని ఆ ఇంటికెలాగ పంపుతాను?"

"తెలీక అన్నాదేమోనే."

"తెలీక పళ్లు వద్దంటారు, గుడ్డ వద్దంటారు. బొట్టు వద్దంటారేటి? మీరు సదువుకున్నోరు, మీరే సెప్పండి."

ఇంతలో మిసెస్ చోంగ్ గుమ్మంలోకి వచ్చింది. "ఏమైంది చీగు? మళ్లీ ఎందుకు ఇవ్వలేదని ఆవిడ కంగారుపడుతోంది."

"వద్దంది కదా."

"ఐయో! మొదటిసారి వద్దనాలి లా! రెండోసారీ అనాలి. అడగ్గానే చెయ్యి చాపితే ఆశపోతంటారు. ఇందాక యోగేశ్వరి శాలువా లాక్కుంటే ఆవిడ అదిరిపోయింది, చూళ్లేదా?"

"నేను ఆశపోతునా?" మీ అమ్మ గరిటె కింద పెట్టింది. "వద్దంటే నొచ్చుకుంటారని మర్యాదకి తీసుకున్నాను!"

"ఆవిడా మర్యాదకే వద్దంది."

మీ అమ్మకి అర్థమైంది. అర్థమవడం వేరు, అడుగు పడడం వేరు. "ఎనక్కి పోయిన బొట్టు మళ్లీ నా సేత్తో ఇవ్వలేను అత్తా," అని గోడవైపు తిరిగింది. బయట వ్యాను డ్రైవరు హారన్ కొట్టాడు.

ఇంతవరకూ మీ అమ్మయినా నీకు చెప్పగలదు. ఇకపైది నేనే చెప్పాలి.

ఆ బరిణె మీ తాత క్లాంగ్‌లో కొన్నది. పొద్దున్నే నేను బడికి పరిగెడుతుంటే గేటు దగ్గర ఆపి, "బొట్టు వంకరగా ఉంది టీచరమ్మా" అని బొటనవేలితో సరిచేసేవారు. చాలా రోజులు అది వంకరగా ఉండేది కాదని నాకూ తెలుసు, ఆయనకీ తెలుసు. ఆయన పోయాక నన్నెవరూ మానమనలేదు. జీవితమంతా పిల్లలకి సైన్సు చెప్పినదాన్ని, నా అంతట నేనే బరిణె ముట్టడం మానేశాను. పెళ్లిళ్లలో వెనక వరసలో కుర్చీ వెతుక్కోవడం కూడా ఎవరూ నేర్పకుండానే వచ్చింది.

చందనా, ఆ పళ్లెం నేను తీశాను. బొట్టు నేను పెట్టాను.

షూఫెన్ మళ్లీ "బుయోంగ్" అంది, ఈసారి నవ్వుతూ. నేను కదల్లేదు. మూడోసారి వేలు చాపేసరికి కళ్లు మూసుకుని నుదురు ముందుకు వంచింది. బొట్టు నిజంగానే వంకరపోయింది. బొటనవేలితో సరిచేశాను. షెన్ గారు ఫొటో తీశారు, అది చెప్పక్కర్లేదనుకో. వ్యాను మలుపు తిరిగేదాకా ఆవిడ నుదురు తుడుచుకోలేదు.

వెనక్కి తిరిగితే గుమ్మంలో మీ అమ్మ ఉంది. అంతా చూసింది. గిన్నెలు కడిగింది, బట్టలు తీసింది, సాయంత్రం టీ తెచ్చింది. నేను చెయ్యకూడనిది చేసి నీ పెళ్లికి అడ్డుపడ్డానా అని ఆలోచిస్తూ టీ తాగాను. చివరికి ఎదురుగా కూర్చుంది.

"అత్తా, మీరెట్టిన బొట్టు సెల్లదు."

కొంగు సర్దుకుని మళ్లీ అందుకుంది.

"ముత్తైదువ పెట్టాల. ఆళ్లని మళ్లీ రమ్మని రాయండి. ఈసారి నేనెడతాను."

కప్పు కింద పెట్టాను. బొట్టు సరిగ్గా పెట్టాలంటున్న మనిషి సంబంధం వద్దంటోందని ఎలా అనుకోను?

"మరి నేను?" అన్నాను.

"మీరెక్కడికీ పోకండి. పళ్లెం మీరే పట్టుకోవాల. నా సెయ్యి మళ్లీ ఆగిపోతే ఎనకనించి తొయ్యడానికి ఎవరుంటారు?"

నాతో తగువులాడి గెలిచినవాళ్లు ఈ ఇంట్లో తక్కువ. నేను గెలవాలనుకోని తగువు ఇదే.

కాబట్టి వెన్‌బో వాళ్లమ్మకి చెప్పు. మళ్లీ రమ్మన్నామని, యోగేశ్వరి మూడుసార్లూ అడుగుతుందని. మన పద్ధతి తెలిసిపోయింది కదా అని ఆవిడ తొందరపడి మొదటిసారికే ఒప్పుకుంటుందేమో. అలా చెయ్యొద్దను. మీ అమ్మ రోజూ అద్దం ముందు అభ్యాసం చేస్తోంది.

ఇట్లు,
పళ్లెం పట్టుకోబోయే మీ నాయనమ్మ,
రత్నావతి